తెలుగు వాక్యానికి చెట్టు గీయాలంటే క్రియ దగ్గర మొదలుపెట్టండి

పాత పుస్తకాల అంగడి. ఇందులో పాతవి పుస్తకాలా, అంగడా?

తిరుపతి బాలాజీ కాలనీలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రం పూట ఎమ్మే పిల్లలకి, నెట్ పరీక్షకి చదివేవాళ్ళకి వాక్యనిర్మాణం చెప్తుంటాను. కొత్తగా ఎవరొచ్చినా బోర్డు మీద ముందు రాసేది ఈ మూడు మాటలే. కొందరు పుస్తకాలు పాతవంటారు, కొందరు అంగడి పాతదంటారు. ఇద్దరూ కరెక్టే. ‘పాత’ ముందు ‘పుస్తకాల’తో కలిసి, ఆ జంట ‘అంగడి’ని చేరితే అది సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు అమ్మే చోటు. ‘పుస్తకాల అంగడి’ ముందు ఒకటై, దానికి ‘పాత’ వచ్చి తగిలితే ఎప్పటినుంచో ఉన్న బుక్‌షాపు, లోపలున్నవన్నీ ఈ ఏటి గైడ్లే అయినా సరే. మాటలు అవే, వరస అదే. ఏది ముందు దేంతో కలిసింది అన్న దగ్గరే తేడా. చెవికి అందని ఆ తేడాని కంటికి చూపించడానికే చెట్టు, అంటే కొమ్మల బొమ్మ, గీస్తాం.

బ్రాకెట్లలో పెడితే ఇలా ఉంటుంది:

[[పాత పుస్తకాల] అంగడి]
[పాత [పుస్తకాల అంగడి]]

ఇలా బ్రాకెట్లు పెట్టడం వచ్చిందంటే చెట్టు వచ్చినట్టే. ఒక్కో జత బ్రాకెట్లకి ఒక కణుపు, అందులో ఉన్న ఒక్కోదానికి ఒక కొమ్మ. వాక్యాన్ని ముక్కలుగా, ఆ ముక్కల్ని మళ్ళీ ముక్కలుగా విడదీసి చూడమని అమెరికన్ భాషావేత్త బ్లూంఫీల్డ్ 1933లో చెప్పాడు. ఆ ముక్కల్ని పుట్టించే సూత్రాలు రాయొచ్చని 1957లో ఇంకో అమెరికన్ భాషావేత్త చాంస్కీ చూపించాడు. పరీక్షకి చరిత్ర ఇంత చాలు. తెలుగు ఉదాహరణలతోనే చదవాలనుకుంటే చేకూరి రామారావు గారి ‘తెలుగు వాక్యం’ (1975) తెచ్చుకోండి. లావు పుస్తకాలు పది తిరగేసే బదులు దాన్ని రెండుసార్లు చదవడం మేలు.

కణుపులకి పేర్లు పెట్టాలి కదా, నేను వాడేవి ఇవి: వాక్యానికి వా, నామబంధానికి నాబం, క్రియాబంధానికి క్రిబం, ఒంటరి క్రియకి క్రి. బంధం అంటే ఒక ముఖ్యమైన మాట, దాన్ని పట్టుకుని ఉన్న మిగతా మాటలు. తెలుగులో ఆ ముఖ్యమైన మాట ఎప్పుడూ కుడి చివర ఉంటుంది. ‘మా మేనత్త కొడుకు’లో కొడుకు, ‘పాత బండి’లో బండి, వాక్యం మొత్తానికి క్రియ. ఈ ఒక్క సంగతి ఒంటబట్టించుకుంటే సగం పని అయిపోయింది.

అయినా పిల్లలు చేసేదేమిటంటే, ఇంగ్లీషు పుస్తకంలో చూసినట్టు పేజీ నడినెత్తిన ‘వా’ అని రాసి, రెండు గీతలు కిందికి దించి, ఎడమ పక్క నుంచి మాటలు పేర్చుకుంటూ వస్తారు. ఇంగ్లీషులో కర్త కాగానే క్రియ వచ్చేస్తుంది కాబట్టి అక్కడ అది కుదురుతుంది. మన క్రియ ఆఖర్న గానీ రాదు. అది వచ్చేలోపు నాలుగైదు ముక్కలు గాల్లో వేలాడుతుంటాయి, కొమ్మలు ఎక్కడ కట్టాలో తెలీదు. అందుకని మాటలన్నీ పేజీ అడుగున వరసగా రాయండి, మధ్యలో బాగా చోటు వదలండి, కుడి చివర క్రియ దగ్గర పెన్సిల్ పెట్టండి. అక్కణ్ణించి పైకి, ఎడమకి పెరగాలి చెట్టు.

ఒకటి గీద్దాం.

మా మేనత్త కొడుకు నిన్న అలిపిరి దగ్గర పాత బండి కొన్నాడు.

క్రియ ‘కొన్నాడు’. దాన్నే ప్రశ్నలడగండి. ఏం కొన్నాడు? పాత బండి. ఎక్కడ? అలిపిరి దగ్గర. ఎప్పుడు? నిన్న. ఎవరు? మా మేనత్త కొడుకు. ఒక్కో జవాబూ ఒక్కో బంధం. జవాబుగా విడిగా నిలబడలేని ముక్క బంధం కాదు. ‘నిన్న అలిపిరి’ అనేది ఏ ప్రశ్నకీ జవాబు కాదు, పక్కపక్కన ఉన్నంత మాత్రాన చుట్టాలైపోరు.

అనుమానమొస్తే ‘ఏ’ తగిలించి చూడండి. మా మేనత్త కొడుకే కొన్నాడు, నిన్ననే కొన్నాడు, అలిపిరి దగ్గరే కొన్నాడు, పాత బండే కొన్నాడు: అన్నీ బాగున్నాయి. ‘పాతే బండి’ అని గానీ ‘మేనత్తే కొడుకు’ అని గానీ ఎవరైనా అంటారా? ఈ ‘ఏ’ బంధం నడుమ దూరదు, బంధం అయిపోయేదాకా ఆగి చివర అంటుకుంటుంది. అంటే సరిహద్దు రాయి ఎక్కడుందో అదే చూపిస్తుంది. ‘కూడా’ కూడా ఇదే పని చేస్తుంది. సంఖ్యల దగ్గర మాత్రం ఈ పరీక్షని నమ్మకండి, ‘ఇద్దరే పిల్లలు వచ్చినారు’ అని మామూలుగానే అంటాం.

రెండో పరీక్ష జరపడం. ‘పాత బండి మా మేనత్త కొడుకు నిన్న అలిపిరి దగ్గర కొన్నాడు’ అనొచ్చు. ‘బండి’ని ఒక్కదాన్నే ముందుకి లాగి ‘పాత’ని వెనకే వదిలేస్తే వాక్యం కూలిపోతుంది. జరిగితే మొత్తం బంధం జరగాలి. ఇలా ముందుకి జరిపిన వాక్యం పరీక్షలో ఇస్తే, మామూలు వరసలో పెట్టి గీసి, జరిగిన ముక్కకి ఒక బాణం వేయండి. మొదటి సెమిస్టర్‌కి అది చాలు.

ఇప్పుడు కలుపుకుంటూ పోదాం. ‘పాత బండి’, ‘కొన్నాడు’ కలిసి ఒక క్రిబం. దానికి ‘అలిపిరి దగ్గర’ చేరితే ఇంకో క్రిబం. ‘నిన్న’ చేరితే ఇంకోటి. చివరికి కర్త వచ్చి కలిస్తే వా.

వా
— నాబం: మా మేనత్త కొడుకు
— క్రిబం
— — నిన్న
— — క్రిబం
— — — అలిపిరి దగ్గర
— — — క్రిబం
— — — — నాబం: పాత బండి
— — — — క్రి: కొన్నాడు

తెలుగులో అసలు క్రియాబంధం ఉందా, కర్త, కర్మ అన్నీ తిన్నగా వాక్యానికే వేలాడుతున్నాయా అని పెద్దవాళ్ళ మధ్య వాదన ఉంది. నేను ఉందనే చెప్తాను. ‘మా అన్న కొండకి నడిచి పోయినాడు, వదిన కూడా అంతే’ అన్నామనుకోండి. ఆ ‘అంతే’ దేనికి బదులొచ్చింది? ‘కొండకి నడిచి పోవడం’ మొత్తానికి. కర్తని బయట వదిలేసి మిగిలినదాన్నంతా ఒక్క మాటతో ఎత్తగలిగామంటే, అది ఒక ముద్దగా ఉన్నట్టే కదా.

ఇక నాకు బాగా ఇష్టమైన వాక్యానికి వద్దాం. చెట్టు ఎందుకు గీయాలని అడిగిన ప్రతివాళ్ళకీ ఇదే చూపిస్తాను.

అక్క నిన్న కొన్న చీర కట్టుకునింది.

(‘కట్టుకుంది’ అని రాయాలి మేడం, అంటారు కోస్తా నుంచి వచ్చిన పిల్లలు. మా వైపు కట్టుకునింది అనే అంటాం. చెట్టుకి యాస పట్టింపు లేదు.)

ఇందులో ‘కొన్న’ అనేది క్రియాజన్య విశేషణం. అంటే ఒక చిన్న వాక్యం మొత్తం ‘చీర’కి విశేషణంగా ముందొచ్చి కూర్చుంది. ‘చీర కొనడం’లో ఉండాల్సిన చీర ఆ చిన్న వాక్యం లోపల కనపడదు, బయట ముఖ్యపదంగా ఉంది కాబట్టి. లోపల దాని చోట ఒక సున్నా గీయండి. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ చిన్న వాక్యం ఎక్కడ మొదలైంది? (చూడ్డానికి తేలిగ్గా ఉండాలని కింద కొన్ని బ్రాకెట్లు వదిలేస్తున్నాను.)

‘నిన్న’ దగ్గర మొదలైందనుకుంటే:
[అక్క [[నిన్న కొన్న] చీర] కట్టుకునింది]
చీర కొన్నది నిన్న. కట్టుకున్నది ఎప్పుడో చెప్పలేదు, ఇవాళే కావచ్చు.

‘కొన్న’ ఒక్కటే చిన్న వాక్యం అనుకుంటే:
[అక్క నిన్న [[కొన్న] చీర] కట్టుకునింది]
కట్టుకున్నది నిన్న. కొన్నది పోయిన సంక్రాంతికి కావచ్చు. అద్దెకి తెచ్చింది కాదు, ఎవరో పెట్టింది కాదు, కొన్నది అన్నమాట.

‘అక్క’ దగ్గరే మొదలైందనుకుంటే:
[సున్నా [[అక్క నిన్న కొన్న] చీర] కట్టుకునింది]
కొన్నది అక్క, కట్టుకున్నది ఇంకెవరో. ఇంట్లో చెల్లెలుంటే ఈ మూడో చెట్టు ఎవరూ వివరించక్కర్లేదు. పెద్ద వాక్యానికి కర్త పైకి కనపడదు. తెలుగులో కర్తని మింగేయడం మామూలే కాబట్టి ఇక్కడా సున్నా.

ఒకే వాక్యానికి మూడు చెట్లు. మరి నాలుగోది కుదరదా? కొన్నది అక్క, కట్టుకున్నది నిన్న, కట్టుకున్న మనిషి వేరు. ఆ అర్థం కోసం ‘అక్క’ని చిన్న వాక్యంలో పెట్టి ‘నిన్న’ని పెద్ద వాక్యానికి తగిలించి చూడండి. ‘అక్క’ నుంచి ‘కొన్న’ వైపు పోయే గీత, ‘నిన్న’ నుంచి పైకి పోయే గీత ఒకదాన్నొకటి కోసుకుంటాయి. చెట్టులో గీతలు దాటకూడదు. ఇది పరీక్షలో మార్కులు కోయడానికి పెట్టిన రూలు కాదు. ఆ అర్థం ఈ వరసలో ఎవరికీ తట్టదు, మీరే పలికి చూసుకోండి. అది చెప్పాలంటే ‘నిన్న అక్క కొన్న చీర కట్టుకునింది’ అని మాటలు తిప్పుకోవాలి. కాగితం మీద గీతలు ఎక్కడ ముడిపడ్డాయో నాలుకా అక్కడే ఆగింది చూశారా, అందుకే ఈ చెట్ల మీద నాకు నమ్మకం.

ఇప్పుడు చీర తీసేసి చొక్కా పెడదాం.

అక్క నిన్న కొన్న చొక్కా వేసుకున్నాడు.

క్రియ చివర ‘డు’. వేసుకున్నది మగవాడు, కాబట్టి అక్క ఆ క్రియకి కర్త కాలేదు, చిన్న వాక్యంలోకి పోవాల్సిందే. అక్క లోపలికి పోయిందంటే గీతలు దాటకూడదు గనుక ‘నిన్న’ కూడా లోపలికే పోవాలి. రెండు చెట్లు పడిపోయి ఒకటే నిలబడింది. అందుకే కొమ్మ గీసే ముందు క్రియ చివరి అక్షరాలు చూడమంటాను. డు, ది, రు, ను, వు, ము: కర్త ఎవరన్నది ముందే చెప్పేస్తాయి. ‘అన్నా వదినా వచ్చినారు’లో ఆ ‘రు’ అన్నది ఒక్క అన్నకో ఒక్క వదినకో చెందదు, ఇద్దరూ కలిసిన కణుపుకి చెందుతుంది. కాబట్టి ‘అన్నా వదినా’ ఒకే నాబం కింద రెండు కొమ్మలు.

విభక్తుల సంగతి తొందరగా చెప్పేస్తాను. ‘మా మేనత్త కొడుకు పెళ్ళికి’ అన్నప్పుడు ఆ ‘కి’ రాతలో పెళ్ళికి అంటుకున్నా, అది మొత్తం బంధానికి చెందింది. అందుకని ‘కి’ని విడదీసి కుడి పక్క ఒక కొమ్మగా, బంధం మొత్తాన్ని ఎడమ పక్క నాబంగా గీస్తాను. ‘దగ్గర’, ‘నుంచి’, ‘మీద’ కూడా అంతే. ఇంటి, ఊరి, చేతి లాంటి రూపాలు కనిపిస్తే వాటి కుడి పక్క ఏదో ఒకటి ఉండి తీరాలి: ఇంటి తాళం, ఊరి బయట, చేతి గడియారం. అవి ఒంటరిగా నిలబడలేవు, కుడి పక్కవాటితోనే ముందు కలపాలి.

క్రియే లేని వాక్యాలొస్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ‘మా నాయన టైలరు.’ మొదలుపెట్టడానికి క్రియ దగ్గర కూర్చోండి అంటిరే మేడం, క్రియేదీ? కొందరు అక్కడ కనపడని క్రియ ఒకటుందని సున్నా పెడతారు. ‘టైలరుగా ఉండేవాడు’ అని భూతకాలంలో అది బయటపడుతుంది కాబట్టి వాళ్ళ మాటలోనూ పస ఉంది. నేను మాత్రం మొదట్లో వా కింద రెండు నాబాలే గీయిస్తాను. కుడి పక్కదే క్రియ పని చేస్తుంది. ఋజువు కావాలంటే ‘మేం తిరుపతోళ్ళం’ అనండి. ఆ చివరి ‘ం’ చూడండి, ‘వచ్చాం’, ‘తిన్నాం’లో ఉన్నదే. నామవాచకానికి క్రియలాగా పురుష ప్రత్యయం (నేను, నువ్వు, మేము తేడా చూపే ముక్క) తగిలింది. చెట్టులో దాని చోటేదో అదే చెప్తోంది.

ఇంకో గుంట ‘కి’తో గానీ ‘కు’తో గానీ వచ్చే కర్త. చిత్తూరు పక్కన పెరిగినవాళ్ళం, ‘నాకు తమిళం వచ్చు’ అంటాం. ‘వచ్చు’కి నేనన్నా నువ్వన్నా పట్టదు, మారదు. మరి కర్త ఎవరు? ఇక్కడ ‘తన’ని పట్టుకోండి. ‘మా పాపకి తన బడంటే ఇష్టం’ అంటే తన అన్నది పాపనే. తెలుగులో ‘తన’ సాధారణంగా కర్తనే వెతుక్కుంటుంది. కాబట్టి ‘పాపకి’ని కర్త చోటే, వా కింద ఎడమ కొమ్మగా పెట్టండి. విభక్తి చూసి దాన్ని క్రిబంలోకి తోసేయకండి.

‘అని’ వచ్చిన వాక్యాలు పైకి భయపెడతాయి గానీ సుళువు. ‘మా ఆయన సప్తగిరి బస్సు లేదని చెప్పినాడు.’ కుడి నుంచి వస్తే ‘చెప్పినాడు’. ఏమని? ‘సప్తగిరి బస్సు లేదని’. ఆ ముక్కలో మళ్ళీ కుడి చివర ‘అని’. దాని ఎడమ పక్కంతా ఇంకో పూర్తి వా. ‘లేదు’కి ‘అని’ కలిసి సంధిలో ఒకటైపోయింది కాబట్టి గీసేముందు విడదీసి రాసుకోవాలి. వాక్యంలో వాక్యం, అందులో ఇంకో వాక్యం ఎన్ని పెట్టినా పద్ధతి ఇదే.

జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం (పాత సంస్కృత విద్యాపీఠం) నుంచి వచ్చిన పిల్లలకి ఈ పాఠం వేరే దారిలో చెప్తాను. తర్కానికి తొలి పాఠ్యపుస్తకమైన తర్కసంగ్రహంలో వాళ్ళు ఆకాంక్ష, యోగ్యత (అర్థం పొసగడం), సన్నిధి (మాటలు ఎడం లేకుండా వెంటవెంటనే రావడం) చదువుకునే వస్తారు. ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడటం ఆకాంక్ష. మనం క్రియని ఏమిటి, ఎక్కడ, ఎవరు అని అడిగిందంతా అదే. నిప్పుతో తడపమంటే కుదరదు, దానికి యోగ్యత లేదని అక్కడ చెప్తారు. మరి ‘వాడు నిప్పుతో చీర తడిపినాడు’కి చెట్టు గీయండి అన్నాననుకోండి. ఒక్క కొమ్మ కూడా అడ్డం తిరగదు, బ్రహ్మాండంగా వస్తుంది. చెట్టు యోగ్యతని పట్టించుకోదు. అర్థంలేని వాక్యానికి చెట్టు ఎలా వచ్చింది మేడం అని ఎవరైనా అడిగితే ఆ రోజు నాకు పండగ. చాంస్కీ 1957లో వాదించింది సరిగ్గా ఆ సంగతే, వాక్యం సరిగ్గా కుదరడం వేరు, దానికి అర్థం ఉండటం వేరు అని.

పరీక్షహాల్లో కొన్ని. పెన్నుతో గీయొద్దు. కాగితం అడ్డంగా తిప్పుకోండి, తెలుగు మాటలు పొడవు. ఒక్కో కణుపు కింద రెండేసి కొమ్మలే ఉండేట్టు చూడండి, మూడు వచ్చాయంటే ఎక్కడో ఒక బంధాన్ని వదిలేశారేమో వెనక్కి చూసుకోండి. అన్ని కణుపులకీ పేర్లుండాలి. కింద మాటలు ఎడమ నుంచి కుడికి చదివితే ఇచ్చిన వాక్యం ఉన్నదున్నట్టు రావాలి, జరిగిన ముక్కకి బాణం వేసిన చెట్టు తప్ప. కంప్యూటర్లో బ్రాకెట్లు కొడితే చెట్టు గీసిపెట్టే ఉచిత సాధనాలున్నాయి, అసైన్‌మెంట్లకి వాడుకోండి. నేర్చుకునేటప్పుడు మాత్రం వద్దు. చెయ్యి కదిలితే గానీ ఏ కొమ్మ ఎందుకు అక్కడుందో బుర్రకెక్కదు.

ఇంటికి ఒకటి ఇస్తున్నాను:

చిత్తూరు నుంచి వచ్చిన పాప వాళ్ళ నాయన అంగడి మూసేసినారని చెప్పినాడు.

చిత్తూరు నుంచి వచ్చింది పాపా, నాయనా? ఆ ఒక్క ప్రశ్నకే రెండు చెట్లు. ‘చెప్పినాడు’ చివర ‘డు’ చూసి ఎవరు చెప్పారో తేల్చుకోండి, ‘మూసేసినారు’కి కర్త చోట ఏం పెట్టాలో ఆలోచించండి. ఇంకో చెట్టు కూడా వస్తుంది, అందులో ‘నాయన’ పక్క మాటతో కలిసిపోతాడు. అది దొరికితే, చెప్పిన మనిషి స్థానంలో ఏముంటుందో కూడా రాసుకుని రండి.